మూలకణాలు మిగిలి ఉండగానే ట్రయల్ అందాలి: ఫ్యాంకోని ఎనీమియా పిల్లల తరఫున బహిరంగ లేఖ

ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ గారికి,
డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి,
అరుదైన వ్యాధుల ఎక్సలెన్స్ కేంద్రాల బాధ్యులకు

నమస్కారం.

ఫ్యాంకోని ఎనీమియా ఉన్న పిల్లల కోసం మన దేశంలోనే, ప్రభుత్వ డబ్బుతో, మన పిల్లల్లో కనిపించే జన్యు మార్పులకు సరిపోయే క్లినికల్ ట్రయల్స్ పెట్టమని అడుగుతూ ఈ లేఖ రాస్తున్నాం. ఆ ట్రయల్స్‌లోకి పిల్లలు వేళకు చేరాలంటే ముందు ఏమేం సరిదిద్దాలో కూడా వివరంగా రాశాం. ఈ జబ్బులో మూలుగ ఖాళీ అయ్యాక వచ్చిన బిడ్డకు ఎంత మంచి ట్రయల్ ఉన్నా అందులో చోటుండదు.

జబ్బు సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఈ లేఖ చదివే తల్లిదండ్రుల కోసం మాత్రం నాలుగు ముక్కలు. 1927లో స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు గైడో ఫ్యాంకోని ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల్లో దీన్ని గమనించి రాశాడు. డీఎన్‌ఏలోని రెండు పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయినప్పుడు ఆ అతుకు విడదీసి బాగుచేసే పనిని కణంలో ఇరవైకి పైగా జన్యువులు కలిసి చేస్తాయి. వాటిలో ఏదో ఒక జన్యువు తల్లి నుంచి వచ్చిందీ, తండ్రి నుంచి వచ్చిందీ రెండూ చెడిపోయి ఉంటే ఆ మరమ్మతు ఆగిపోతుంది. ముందు దెబ్బతినేవి మూలుగలో ఉంటూ రక్తకణాలన్నిటినీ పుట్టించే మూలకణాలు. చాలామందిలో ఏడెనిమిదేళ్ల వయసుకల్లా మొదట ప్లేట్‌లెట్లు, ఆ వెనకే హిమోగ్లోబిన్, తెల్లకణాలు తగ్గుతాయి. బొటనవేలు చిన్నదిగా ఉండడం లేదా అసలు లేకపోవడం, ఎదుగుదల తక్కువగా ఉండడం, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు, కిడ్నీ ఉండాల్సిన చోట ఉండకపోవడం దీని గుర్తులు. అయితే కనీసం నలుగురిలో ఒకరికి పైకి ఏ గుర్తూ కనిపించదు. అలాంటి బిడ్డను డాక్టరు చూసినా, అమ్మమ్మ చూసినా, రక్తం తక్కువైందనే అనుకుంటారు.

తల్లిదండ్రులిద్దరూ జబ్బు లేకుండా దాని జన్యు మార్పును మోసేవాళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడం మన దగ్గర ఇంకా మామూలే. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. తెలంగాణ, కర్ణాటక, తమిళనాడులోనూ ఇవి ఎక్కువే. అందువల్ల ప్రపంచం లెక్కలో అరుదైన ఈ జబ్బు మన జిల్లాల్లో అంత అరుదు కాదు. ట్రయల్‌కి పిల్లలు దొరకరన్న మాటను మేం ఒప్పుకోం. దొరుకుతారు. గుర్తించడం లేదు, అంతే.

విదేశాల్లో ఈ జబ్బుకు జరిగిన ట్రయల్స్ మనకు ఎంతవరకు పనికొస్తాయో ముందు చూద్దాం. అన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టింది స్పెయిన్‌లో మొదలైన జన్యు చికిత్స. పిల్లవాడి మూలకణాలనే సేకరించి, జన్యువును మోసుకెళ్లేలా మార్చిన లెంటివైరస్ సాయంతో వాటిలోకి సరైన జన్యువును చేర్చి, తిరిగి రక్తంలోకి ఎక్కిస్తారు. ముందుగా కీమో ఇవ్వరు, రేడియేషన్ ఇవ్వరు. సరిచేసిన కణాలు మిగతా కణాలకంటే బాగా బతికి, నెమ్మదిగా మూలుగను ఆక్రమిస్తాయన్నది ఇందులోని ఆలోచన. మొదటి నలుగురు పిల్లల ఫలితాలు 2019లో వచ్చాయి, ఆ ఆలోచన నిజమేనని తేలింది. తర్వాత ఒక అమెరికా కంపెనీ ఆ చికిత్సను అనుమతుల దరఖాస్తు దాకా నడిపించింది, కానీ 2025లో ఈ కార్యక్రమానికి డబ్బు పెట్టడం ఆపేసింది. మందు పనిచేయక ఆగిన కథ కాదిది. రోగుల సంఖ్య తక్కువ, పెట్టుబడి ఎక్కువ. కంపెనీ లెక్క కంపెనీది.

ఇక్కడే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి ఒక విన్నపం. అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, యూరోపియన్ యూనియన్‌లలో అనుమతి పొందిన అరుదైన వ్యాధుల మందులకు, జన్యు చికిత్సలకు మన దేశంలో మళ్లీ ట్రయల్ అక్కర్లేదంటూ 2024 ఆగస్టులో మీ కార్యాలయం ఉత్తర్వు ఇచ్చింది. మంచి ఉత్తర్వే. ఫ్యాంకోని పిల్లలకు మాత్రం దానివల్ల ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. అక్కడ అనుమతి పొందిన జన్యు చికిత్స ఒక్కటి ఉంటేనే కదా ఇక్కడ మినహాయింపు. బయటినుంచి వచ్చేదాని కోసం తలుపు తెరిచి ఉంచడంతో సరిపెడితే ఈ పిల్లలకు ఏదీ రాదు.

ఒకవేళ ఆ చికిత్స రేపు మళ్లీ ముందుకొచ్చినా, అది ఫ్యాంక్-ఏ జన్యువులో లోపం ఉన్నవాళ్లకే. ప్రపంచవ్యాప్తంగా రోగుల్లో సుమారు 60 నుంచి 70 శాతం మంది వాళ్లే కాబట్టి ఆ జన్యువుతో మొదలుపెట్టారు. మన దేశంలో ఫ్యాంక్-ఏతో పాటు ఫ్యాంక్-జీ, ఫ్యాంక్-ఎల్ లోపాలు కూడా చెప్పుకోదగ్గంత మందిలో ఉన్నాయి. ఫ్యాంక్-ఎల్‌లో ఒకే మార్పు దక్షిణాసియా కుటుంబాల్లో తరతరాలుగా దిగివస్తోందని 2020లో ముంబైలోని ఐసీఎంఆర్ సంస్థ, అమెరికా పరిశోధకులు కలిసి చూపించారు. అంటే పాశ్చాత్య దేశాల ట్రయల్‌లో చోటు దొరకని పిల్లలు మన దగ్గర ఎక్కువ.

ఇందులో సాంకేతికంగా అనుకూలమైన సంగతి ఒకటుంది. ఫ్యాంక్-ఏ ప్రొటీన్‌లో 1,455 అమైనో ఆమ్లాలు ఉంటే, ఫ్యాంక్-జీలో 622, ఫ్యాంక్-ఎల్‌లో 375 మాత్రమే. లెంటివైరస్‌లో ఇమిడ్చే జన్యువు చిన్నదైతే వైరస్ దిగుబడి సాధారణంగా మెరుగ్గా ఉంటుంది. కష్టమైన పొడవాటి జన్యువుతోనే స్పెయిన్ వాళ్లు నెగ్గుకొచ్చారు. పొట్టి జన్యువులతో మనం మొదలుపెట్టడానికి అడ్డేముంది?

మనకు చేతకాని పనేమీ కాదిది. వేలూరు సీఎంసీలో లెంటివైరస్‌తో సరిచేసిన మూలకణాలను రక్తం గడ్డకట్టని జబ్బు హిమోఫీలియా-ఏ తీవ్రంగా ఉన్న ఐదుగురికి ఎక్కించారు. ఆ ఫలితాలు 2024 చివర్లో ప్రచురితమయ్యాయి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన రక్త క్యాన్సర్ల కార్-టీ కణ చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి దొరికింది, దానిలోనూ లెంటివైరసే వాడారు. వైరస్ తయారీ, శుభ్రమైన గదులు, కణాలు వేరుచేసే యంత్రాలు, నాణ్యతా పరీక్షలు, వీటన్నిటిలో చేయి తిరిగినవాళ్లు దేశంలో ఉన్నారు. జన్యు చికిత్సల తయారీకి, ట్రయల్స్‌కి 2019లో ఐసీఎంఆర్ విడుదల చేసిన జాతీయ మార్గదర్శకాలూ ఉన్నాయి. ఇక కావలసింది ఎవరో ఒకరు స్పాన్సర్‌గా నిలబడడం. లాభం లేని చోట ఆ పని ప్రభుత్వ సంస్థే చేయాలి. కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ 2019 నిబంధనల ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ ట్రయల్ దరఖాస్తుకు ఫీజు కట్టనక్కర్లేదు. దేశంలోనే కనిపెట్టిన మందైతే 30 పనిదినాల్లో తేల్చాలి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాం. జన్యు చికిత్సకు మూలకణాలు కావాలి. ఫ్యాంకోని పిల్లల్లో అవి పుట్టుకనుంచే తక్కువ, ఏటా ఇంకా తరిగిపోతాయి. అందుకే అంతర్జాతీయ ట్రయల్‌లో మూలుగ నమూనాలో మైక్రోలీటరుకు కనీసం 30 సీడీ34 కణాలు (మూలకణాల గుర్తు ఉన్నవి) ఉండాలని నియమం పెట్టారు. క్రోమోజోముల్లో ప్రమాదకరమైన మార్పులు, ఉదాహరణకు ఏడో క్రోమోజోము ఒకటి పోవడం లాంటివి, మొదలైన పిల్లల్ని తీసుకోలేదు. మన దగ్గర ఈ జబ్బు పేరు బయటపడేసరికి ప్లేట్‌లెట్లు పదివేలకు దిగి, వారానికోసారి ఎక్కిస్తూ ఉంటారు. ఆ దశలో మూలకణాల్ని మూలుగ నుంచి రక్తంలోకి రప్పించే ప్లెరిక్సాఫోర్, జీ-సీఎస్ఎఫ్ మందులిచ్చి ఎంత కదిలించినా సేకరణ సంచిలో పనికొచ్చినన్ని కణాలు పడవు. అందుకని ట్రయల్ ప్రోటోకాల్ రాయడానికి ముందే జిల్లా స్థాయిలో రోగ నిర్ధారణ బాగుపడాలి.

నిర్ధారణ పరీక్ష పాతదే. డీఎన్‌ఏ పోగుల్ని అతికించే రసాయనాలు డీఈబీ గానీ మైటోమైసిన్-సీ గానీ కలిపి తెల్లకణాలను పెంచి, క్రోమోజోములు ఎన్ని విరిగాయో మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం. ఫ్యాంకోని ఉంటే విరుగుళ్లు విపరీతంగా పెరుగుతాయి, ఒక క్రోమోజోము ముక్క ఇంకోదానికి అతుక్కుని నాలుగు కాళ్ల ఆకారాలు కనిపిస్తాయి. పరీక్ష తప్పిపోయేది ఎక్కువగా ల్యాబులో కాదు, రక్తం తీసిన చోట. దీనికి ఆకుపచ్చ మూత ఉన్న సోడియం హెపారిన్ ట్యూబులో 3 నుంచి 5 మిల్లీలీటర్ల రక్తం కావాలి. కంప్లీట్ బ్లడ్ పిక్చర్ కోసం వాడే ఊదా రంగు మూత ఈడీటీఏ ట్యూబులో పంపితే కణాలు పెరగవు, అది డీఎన్‌ఏ తీయడానికే పనికొస్తుంది. ట్యూబును ఐస్ మీద పెట్టకూడదు, ఎండలో వదలకూడదు. గది ఉష్ణోగ్రతలో 24 గంటల్లో, మరీ కాకపోతే 48 గంటల్లో, ల్యాబుకు చేరాలి. ఆ తర్వాత ల్యాబులో కణాల్ని 72 గంటలు పెంచాలి. శుక్రవారం సాయంత్రం శ్రీకాకుళంలో తీసిన రక్తం సోమవారం హైదరాబాద్ చేరితే 48 గంటలు దాటిపోయి అది చాలాసార్లు వృథాయే. సోమ, మంగళవారాల్లోనే రక్తం తీయాలన్న ఒక్క నియమం పెట్టి, అదే రోజు తీసిన జబ్బులేని ఒక మనిషి రక్తాన్ని పోలిక కోసం కూడా పంపితే, మళ్లీ రమ్మనాల్సిన కుటుంబాలు సగానికి సగం తగ్గుతాయని మా నమ్మకం.

పరీక్ష నెగటివ్ వచ్చినా అనుమానం తీరని సందర్భాలుంటాయి. కొందరిలో రక్తకణాల్లో కొన్ని వాటంతటవే బాగుపడతాయి. అప్పుడు రక్తంలో విరుగుళ్లు తక్కువగా కనిపించి జబ్బు లేదనిపిస్తుంది. అలాంటప్పుడు, లేదా పెంచడానికి తెల్లకణాలే చాలనప్పుడు, 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి అందులోని ఫైబ్రోబ్లాస్టు కణాల మీద పరీక్ష చేయాలి. దానికి నెలకు పైనే పడుతుంది, కాబట్టి ముందే మొదలుపెట్టాలి.

తర్వాత జన్యు పరీక్ష. ఇక్కడ రెండు గుంతలున్నాయి, రెండూ తప్పించుకోగలిగినవే. ఫ్యాంక్-ఏలో పెద్ద పెద్ద ముక్కలే ఎగిరిపోవడం మామూలు. జన్యువుల్లో ప్రొటీన్‌కు పనికొచ్చే భాగాల్ని చదివే మామూలు ఎక్సోమ్ పరీక్ష వాటిని చాలాసార్లు పట్టుకోదు, ఎంఎల్‌పీఏ అనే పరీక్ష జత చేయాలి. రెండోది ఇందాక చెప్పిన ఫ్యాంక్-ఎల్ మార్పు. జన్యువులో 1092వ స్థానంలో డీఎన్‌ఏ అక్షరం ‘జీ’ బదులు ‘ఏ’ వస్తుంది, కానీ అమైనో ఆమ్లం మారదు. పైకి చూస్తే హాని లేని మార్పులా కనిపిస్తుంది. నిజానికి ఆ అక్షరం జన్యువులోని ఒక భాగానికి కొసన ఉండడంవల్ల ఆ భాగం మొత్తం ప్రొటీన్ తయారీలో దాటిపోతుంది. అమైనో ఆమ్లం మారని మార్పుల్ని మొదటి వడపోతలోనే తీసేసే ల్యాబుల్లో ఇది పట్టుబడదు. ఫ్యాంకోని అనుమానంతో వచ్చిన ప్రతి రిపోర్టులోనూ ఈ ఒక్క మార్పును విడిగా చూశామని రాయాలని మీరు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. పైసా ఖర్చు లేదు.

హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన వ్యాధుల ఎక్సలెన్స్ కేంద్రంగా పనిచేస్తున్నాయి. మూలకణాల మార్పిడితో నయమయ్యే జబ్బుల్లో ఒకటిగా 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఫ్యాంకోని ఎనీమియాను మొదటి గ్రూపులోనే చేర్చింది. ఈ కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం అందించే ఏర్పాటుంది. ఆ సాయం కోసం వచ్చే దరఖాస్తుతోనే బిడ్డ పేరు రిజిస్ట్రీలోకి ఎక్కాలి. ఐసీఎంఆర్ అరుదైన వ్యాధుల రిజిస్ట్రీలో ఫ్యాంకోనికి విడిగా పేజీ కావాలి: ఏ జన్యువు, ఏ మార్పు, గుర్తించిన నాటి ప్లేట్‌లెట్లు, మొదటిసారి రక్తం ఎక్కించిన తేదీ, మూలుగలో సీడీ34 లెక్క, ఏటా క్రోమోజోము పరీక్ష, ఏ చికిత్స, ఏమైంది. ఇంతకు మించి అక్కర్లేదు. నలభై గడుల ఫారమ్ ఇస్తే ఎవరూ నింపరు.

రిజిస్ట్రీ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ట్రయల్ లెక్కలే. ఇంత తక్కువ మంది ఉన్న జబ్బులో సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర అనే పద్ధతి కుదరదు, న్యాయమూ కాదు. చికిత్స తీసుకోని పిల్లల్లో జబ్బు ఎలా ముదురుతుందో ముందుగా నమోదై ఉంటే దానితోనే పోల్చవచ్చు. ఆ పోలిక లేకపోతే మూడేళ్లు నిలకడగా ఉన్న ప్లేట్‌లెట్లు చికిత్స గొప్పతనమో, ఆ బిడ్డ అదృష్టమో ఎవరూ చెప్పలేరు.

ఏ ట్రయల్స్ పెట్టాలి? మా అభిప్రాయంలో మూడు, ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి సిద్ధం చేయాల్సినవి.

వెంటనే మొదలుపెట్టగలిగింది మెట్‌ఫార్మిన్. షుగరు మాత్ర, రోజుకు కొద్ది రూపాయలు. బోస్టన్‌లో జరిగిన చిన్న ట్రయల్‌లో లెక్కించగలిగిన 13 మంది ఫ్యాంకోని రోగుల్లో నలుగురికి రక్తకణాలు మెరుగయ్యాయి. ఇది పెద్ద రుజువు కాదు. దీన్ని పదింతలు పెద్దగా చేసి తేల్చగల దేశం మనదే. మాత్ర పేటెంటు ఎప్పుడో తీరింది కాబట్టి ఏ కంపెనీ ముందుకు రాదు. అయితే బోస్టన్ ప్రోటోకాల్‌ను యథాతథంగా దించుకుంటే మన దగ్గర దెబ్బతింటాం. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే ఒంట్లో బీ12 తగ్గుతుంది. మన పిల్లల్లో చాలామందికి బీ12 అసలే తక్కువ. బీ12 తగ్గినప్పుడు ఎర్రకణాలు పెద్దవై హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఫ్యాంకోనిలో ఎర్రకణాలు ఎలాగూ పెద్దవిగానే ఉంటాయి కాబట్టి ఆ తేడా ఎవరి కంటా పడదు, మందు పనిచేయలేదని రాసేస్తారు. మొదటి రోజున, మూడో నెలలో, ఆరో నెలలో బీ12 చూడాలి, తక్కువున్నవాళ్లకు దాన్ని సరిచేశాకే ట్రయల్‌లో చేర్చాలి. రక్త పరీక్ష ఒక్కదాన్ని బట్టి ఎవరినీ తూచకూడదు. జ్వరం వస్తే ఈ పిల్లల ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. జ్వరం తగ్గి మూడు వారాలయ్యాక, నెలకొకటి చొప్పున, ఒకే ల్యాబులో చేసిన మూడు పరీక్షల సగటునే మొదలుగా తీసుకోవాలి. రక్తకణాలు పెంచేందుకు ఇచ్చే డానజోల్ మందు వాడుతున్న పిల్లల్ని చేర్చుకుంటే ఆ మోతాదును కనీసం మూడు నెలలుగా మార్చకుండా ఉండాలి, లివర్ అల్ట్రాసౌండ్ ఆరు నెలలకోసారి తప్పనిసరి చేయాలి.

రెండోది మూలుగ మార్పిడి. ఇప్పటికి మూలుగను నిలబెట్టే చికిత్స ఇదొక్కటే, కాబట్టి ఇందులో జరిగే ప్రతి మెరుగుదలా నేరుగా ప్రాణాలు కాపాడుతుంది. సాధారణ ఎప్లాస్టిక్ ఎనీమియాలో మార్పిడికి ముందు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందును కిలో బరువుకు మొత్తం 200 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. ఫ్యాంకోని పిల్లలు ఆ మోతాదును తట్టుకోలేరు, పేగుల్లో, నోట్లో లోపలి పొర ఊడిపోతుంది. బ్రెజిల్‌లోని కురితిబాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయ ఆసుపత్రి డాక్టర్లు మెట్టు మెట్టుగా దాన్ని తగ్గిస్తూ కిలోకు 60 మిల్లీగ్రాములకు తెచ్చి, సరిపోలిన తోబుట్టువు ఇచ్చిన మూలుగకు అది చాలని చూపించారు. ఫ్లుడరబిన్ అనే మరో కీమో మందు జతచేస్తే ఇంకా తగ్గించవచ్చు. సంపన్న దేశం కాని చోట, ప్రభుత్వ ఆసుపత్రిలో, ఓపికగా చేసిన వరుస ట్రయల్స్‌తో ప్రపంచమంతటా పద్ధతి మారింది. మేం కోరేది సరిగ్గా అలాంటి పని. మన దగ్గర సరిపోలిన దాత దొరకని ఇళ్లే ఎక్కువ, తల్లిదండ్రుల సగం సరిపోలే మూలుగతోనే చేయాల్సి వస్తుంది. అప్పుడు మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్‌ను మామూలుగా రోజుకు కిలో బరువుకు 50 ఇచ్చే చోట 25 మిల్లీగ్రాములకు తగ్గించి ఇస్తున్నారు. దేశంలో ఒక్కో కేంద్రం ఒక్కో మోతాదు, ఒక్కో వరుస. అన్నీ కలిసి ఒకే ప్రోటోకాల్ కింద, ఒకే రకంగా ఫలితాలు రాసుకుంటూ చేస్తే మూడు నాలుగేళ్లలో ఏది మేలో తేలుతుంది. విడివిడిగా చేస్తే ఇరవై ఏళ్లకూ తేలదు.

స్టాన్‌ఫర్డ్‌లో ముగ్గురు పిల్లలకు బుసల్ఫాన్ అనే కీమో మందు, రేడియేషన్ లేకుండా, మూలకణాల మీద ఉండే సీడీ117 మీద పనిచేసే యాంటీబాడీతో మూలుగను ఖాళీచేసి సగం సరిపోలిన మూలకణాలు ఎక్కించారు. 2025లో ఆ ఫలితాలు వచ్చాయి, ముగ్గురిలోనూ దాత కణాలు నిలిచాయి. అదే తరహా ట్రయల్‌కి మన కేంద్రాల్లో ఒకదాన్ని చేర్చుకునేలా ఆ పరిశోధకులతో ఐసీఎంఆర్ ఇప్పుడే మాట్లాడాలి.

మార్పిడి ట్రయల్‌లో చేర్చే ముందు పాటించాల్సిన రెండు మాటలు ప్రోటోకాల్‌లో పెద్ద అక్షరాల్లో ఉండాలి. మూలుగ ఇచ్చే తోబుట్టువుకు కూడా విరుగుళ్ల పరీక్ష తప్పక చేయాలి. ఆరోగ్యంగా తిరుగుతున్న తమ్ముడికీ జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒకటి, ఆ మూలుగ ఎక్కిస్తే ఇద్దరికీ అన్యాయమే. రెండోది, బిడ్డకు రక్తం అవసరమైనప్పుడు బాబాయిలు, మేనమామలు ముందుకొచ్చి ఇస్తారు. ప్రేమతో చేసే పనే, కానీ ఇక్కడ హాని చేస్తుంది. రేపు దాత కాబోయేది ఆ ఇంటివాళ్లే, వాళ్ల కణాలను ఒళ్లు ముందే ఎదిరించడం నేర్చుకుంటే మార్పిడి నిలవకపోవచ్చు. బయటివాళ్ల రక్తం, తెల్లకణాలు వడకట్టి, రేడియేషన్ చేసి ఇవ్వాలి. జిల్లా బ్లడ్ బ్యాంకుల్లో ఈ వడపోత ఫిల్టర్లు లేకపోతే ట్రయల్ నిధులతోనే కొనివ్వాలి.

మూడోది జన్యు చికిత్స, పైన చెప్పినట్టు మూడు జన్యువులకూ. ఇందులో తయారీ గది, సేకరణ జరిగే ఆసుపత్రి దగ్గరదగ్గరగా ఉండాలి. ఉన్న కొద్దిపాటి కణాల్ని గడ్డకట్టించి, కరిగిస్తే మరికొన్ని పోతాయి. పది పన్నెండు కిలోల బిడ్డకు అఫెరెసిస్ (యంత్రంతో రక్తంలోంచి కణాలు వేరుచేసి తీయడం) చేయాలంటే యంత్రపు గొట్టాల్ని ముందే దాత రక్తంతో నింపాలి, మెడలోనో తొడలోనో లైను పెట్టాలి. ఇది అలవాటున్న నర్సులు ఉన్న చోటే సేకరణ జరగాలి. ఫలితాన్ని ప్లేట్‌లెట్లతో ఒక్కదానితోనే కొలవకూడదు. మూలుగ కణాల్ని 10 నానోమోలార్ మైటోమైసిన్-సీలో పెంచినప్పుడు ఎన్ని శాతం బతుకుతున్నాయి, రక్తకణాల్లో సరైన జన్యువు ప్రతులు సగటున ఎన్ని ఉన్నాయి, ఈ రెండూ ఏడాది తర్వాతి నుంచి మూడో ఏడు దాకా క్రమంగా చూడాలి. సరిచేసిన కణాలు నెమ్మదిగా పెరుగుతాయి. ఆరు నెలలకే తీర్పు చెప్పే ప్రోటోకాల్ మంచి చికిత్సను కూడా ఓడిస్తుంది.

వీటన్నిటిలో ఒక మాట తల్లిదండ్రులకు దాచకుండా చెప్పాలి. మార్పిడి గానీ జన్యు చికిత్స గానీ మూలుగను మాత్రమే కాపాడతాయి. నోరు, గొంతు, అన్నవాహిక, జననాంగాల దగ్గర క్యాన్సర్ ముప్పు ఈ పిల్లలకు జీవితాంతం ఉంటుంది, మామూలు మనుషులకంటే వందల రెట్లు ఎక్కువ. ట్రయల్‌లో ఉన్నవాళ్లకు పదేళ్ల వయసునుంచి ఆరు నెలలకోసారి నోరు, గొంతు పరీక్ష, తొమ్మిదేళ్లకు హెచ్‌పీవీ టీకా ఖర్చు ట్రయల్ బడ్జెట్‌లోనే ఉండాలి. గుట్కా, ఖైనీ, వక్కపొడి ఆ ఇంట్లోకి రాకూడదని ప్రతి సందర్శనలోనూ చెప్పాలి. ఎక్స్‌రే, సీటీ స్కాన్ బదులు అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ వాడాలి. మామూలు ట్రయల్ షెడ్యూలును కాపీ కొట్టినప్పుడు ఛాతీ ఎక్స్‌రేలు అందులోకి వచ్చేస్తాయి, ఎథిక్స్ కమిటీ వాటిని కొట్టేయాలి. జన్యు చికిత్స తీసుకున్నవాళ్లను 15 ఏళ్లు కనిపెట్టి ఉండాలి, ఆ డబ్బు మొదటి రోజే విడిగా పక్కన పెట్టాలి. స్పాన్సర్ మారినా, ప్రభుత్వం మారినా ఆ ఖాతా ఆగకూడదు.

పరిహారం సంగతి. 2019 నిబంధనల్లో ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే లెక్క ఇలా ఉంది: 8 లక్షలను వయసు ఫ్యాక్టర్‌తో, రిస్క్ ఫ్యాక్టర్‌తో గుణించి 99.37తో భాగించాలి. 16 ఏళ్ల లోపు బిడ్డకు వయసు ఫ్యాక్టర్ 228.54. రిస్క్ ఫ్యాక్టర్ ఒకటి అయితే సుమారు 18.4 లక్షలు, రెండు అయితే 36.8 లక్షలు, సగమైతే 9.2 లక్షలు. ఆరు నెలలకు మించి బతకరనుకున్న రోగికి సగం, ఆరోగ్యవంతుడికి నాలుగు. మరి ప్లేట్‌లెట్లు నలభై వేలున్న, బడికి వెళ్తున్న ఫ్యాంకోని బిడ్డకు ఎంత? ఇది బిడ్డ పోయాక కమిటీలో తేల్చే విషయం కాకూడదు. ప్రాణాంతక వ్యాధి అనే మాట పట్టుకుని తక్కువ అంకె వేయడం సులువు. ట్రయల్‌లో చేరే రోజున, ఆ బిడ్డ కౌంట్లు, క్రోమోజోము రిపోర్టు చూసి, రిస్క్ ఫ్యాక్టర్ ఎంతో సమ్మతి పత్రంలోనే రాసి సంతకం చేయాలి.

సమ్మతి పత్రం తెలుగులో ఉంటే సరిపోదు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఉండాలి, కనీసం వారం ముందు చేతికివ్వాలి, చదవడం రానివాళ్లకు ట్రయల్‌తో సంబంధం లేని మనిషి చదివి వినిపించాలి. ఏడేళ్లు దాటిన బిడ్డను నోటిమాటగా, పన్నెండు దాటినవాళ్లను రాతపూర్వకంగా అడగాలని ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో ఉంది. అది ఆఖరి నిమిషంలో సంతకంగా మిగలకూడదు. పన్నెండేళ్ల పిల్లకు తన మూలుగ గురించి అర్థమయ్యేలా చెప్పవచ్చు, వాళ్లు అడిగే ప్రశ్నలు తరచు పెద్దవాళ్ల ప్రశ్నలకంటే సూటిగా ఉంటాయి. భవిష్యత్తులో సంతానం కలిగే అవకాశం గురించీ అప్పుడే చెప్పాలి. తర్వాతి కాన్పుకు 11, 12 వారాల్లో గర్భస్థ పరీక్ష చేయించుకునే వీలుందని తల్లికి తెలియాలి, ట్రయల్‌లో చేరినా చేరకపోయినా.

ప్రయాణం ఖర్చులు చిన్నవిగా కనిపిస్తాయి, కానీ ట్రయల్‌ను మధ్యలో వదిలేసేది ఎక్కువగా వాటివల్లే. రక్త పరీక్షలన్నీ జిల్లా ఆసుపత్రిలో జరగాలి, పెద్ద కేంద్రానికి మూడు నెలలకోసారి రమ్మంటే చాలు. బిడ్డతో పాటు ఇద్దరికి రైలు ఛార్జీ, భోజనం, బస ముందుగానే ఇవ్వాలి. బిల్లులు చూపిస్తే ఆరు నెలలకు ఇస్తామంటే కూలిపని చేసుకునే ఇల్లు రెండోసారి రాదు. ప్లేట్‌లెట్లు పదివేలున్న బిడ్డను జనరల్ బోగీలో వేలూరుకు దిగే కాట్పాడి స్టేషన్ దాకా తీసుకెళ్లమని అడిగే ప్రోటోకాల్‌ను ఏ ఎథిక్స్ కమిటీ అంగీకరించకూడదు.

తీవ్రమైన హాని జరిగితే 24 గంటల్లో నివేదించాలన్న నియమం ఉంది. దానికి తోడు ఆ సంగతి తర్వాతి కుటుంబాలకూ తెలియాలి. ట్రయల్ ఆగిపోయినా, ఓడిపోయినా, పేర్లు లేకుండా ఫలితాలు దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐ రిజిస్ట్రీలో ఏడాదిలోగా కనిపించాలి.

ఎంఎల్‌పీఏ లేకుండా ఫ్యాంకోని లేదన్న రిపోర్టులు చెల్లవని ప్రకటించడం, ఆకుపచ్చ మూత ట్యూబులు, సోమ-మంగళవారాల నియమం జిల్లా ఆసుపత్రులకు పంపడం, రిజిస్ట్రీలో ఫ్యాంకోని పేజీ తెరవడం, ఈ మూడూ ట్రయల్ అనుమతి కోసం ఆగక్కర్లేనివి. మెట్‌ఫార్మిన్ ట్రయల్ ముసాయిదా, రిజిస్ట్రీ ఫారమ్, తెలుగు సమ్మతి పత్రం నమూనా మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మీ సాంకేతిక కమిటీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు వాటితో వస్తాం, తప్పులుంటే దిద్దుకుంటాం.

ఇట్లు,
ఫ్యాంకోని ఎనీమియా పిల్లల వైద్యంలో, రక్త, జన్యు పరీక్షల్లో, కుటుంబాలకు తోడుగా పనిచేస్తున్న తెలుగువాళ్లం